నాలుగున్నర వేల తరువాత

మన దేశంలో ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకు ప్రభుత్వం తీసుకునే రుసుము ఒక క్లాసుకు 4,500 రూపాయలు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు ఇదీ ధర. మిగిలిన కంపెనీలకు 9,000. ఆన్‌లైన్‌లో కాకుండా కాగితం మీద వేస్తే 5,000, 10,000. 2017 మార్చిలో వచ్చిన నిబంధనలు ఖాయం చేసిన లెక్క ఇది. అంతకుముందు చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ 4,000 ఉండేది. గుంటూరులోనో భీమవరంలోనో పచ్చళ్ల వ్యాపారం పెట్టినాయన ఆడిటరును అడిగితే ముందుగా చెప్పేది ఈ అంకే. ఒక నెల షాపు కరెంటు బిల్లు కన్నా తక్కువే కదా అని ఆయన సంతకం పెట్టేస్తాడు.

ఆ అంకెలో అబద్ధమేమీ లేదు. కాకపోతే పేరును సొంతం చేసుకోవడానికి అయ్యే ఖర్చులో అది అన్నిటికన్నా చిన్న భాగం. మిగతాది ఎంతవుతుందన్నది చాలావరకు దరఖాస్తు వేయకముందే తేలిపోతుంది. ఏ పేరు ఎంచుకున్నారు, ఏ సరుకులకు అడిగారు, ఏ దేశాల్లో కావాలనుకున్నారు అన్నవే దాన్ని తేల్చే మూడు నిర్ణయాలు. ఏజెంటు ఫీజు ఎంతని అడిగేవాళ్లు ఎక్కువ. ఈ పేరు నిలుస్తుందా అని అడిగేవాళ్లు తక్కువ. డబ్బు పోయేది అక్కడే.

ముందు ఇంటి లెక్క చూద్దాం. రుసుము పేరుకు కాదు, క్లాసుకు. ప్రపంచంలోని సరుకులూ సేవలూ అన్నిటినీ నీస్ వర్గీకరణ 45 క్లాసులుగా విడగొట్టింది. మొదటి 34 సరుకులకు, తర్వాతి 11 సేవలకు. మన పచ్చళ్లాయన సరుకు ఒకే షెల్ఫులో పక్కపక్కన ఉన్నా చట్టం దృష్టిలో వేరువేరు చోట్ల ఉంటుంది. ఆవకాయ, నెయ్యి 29లో. కారప్పొడి, పసుపు, మిఠాయిలు 30లో. దుకాణం నడపడం 35లో. పక్కనే నాలుగు బల్లలు వేసి భోజనం పెడితే అది 43. మొదటి మూడు క్లాసులకు 13,500. పేరును అక్షరాలుగా ఒకటి, బొమ్మతో ఉన్న లేబుల్‌గా మరొకటి వేస్తే 27,000. పదేళ్లు నిండాక రెన్యువల్ వస్తుంది. దానికి చిన్నవాళ్లకని రాయితీ లేదు, ఎవరికైనా క్లాసుకు 9,000. మొదట్లో 27,000 కట్టిన మనిషి పదేళ్ల తర్వాత 54,000 కట్టాలి. గడువు దాటాక ఆరు నెలల్లోపు కడితే క్లాసుకు మరో 4,500 అదనం. రాయితీ ఉందని ఆశపెట్టి పిలిచి, వ్యాపారం నిలదొక్కుకున్నాక పూర్తి ధర వసూలు చేసే ఈ పద్ధతి మీద చిన్న వ్యాపారులు గట్టిగా మాట్లాడకపోవడం నాకు ఆశ్చర్యమే. పదేళ్ల తర్వాతి సంగతి ఇప్పుడెందుకనుకుంటారేమో.

రాయితీ కూడా దానంతటదే రాదు. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాడు వ్యక్తి కిందికే వస్తాడు, ఇబ్బంది లేదు. అదే ఇద్దరు అన్నదమ్ములు భాగస్వామ్య సంస్థగా వేస్తే, చిన్న పరిశ్రమగా నమోదైనట్టు చెప్పే ఉద్యమ్ సర్టిఫికెట్ చూపాలి. అది ఉచితంగా వస్తుంది. అది లేకుండా వేసేసి రెట్టింపు కట్టిన సంస్థలు తక్కువేమీ కావు.

క్లాసుల విషయంలో రెండు రకాల తప్పులు జరుగుతుంటాయి. మొదటిది తక్కువ అడగడం. పచ్చళ్లకు 30లో మాత్రమే వేసి, అసలు సరుకు 29లో ఉందని తర్వాత తెలుసుకోవడం లాంటిది. అప్పుడు కొత్త దరఖాస్తు, కొత్త రుసుము, అన్నిటికన్నా ముఖ్యంగా కొత్త తేదీ. మధ్యలో ఇంకొకరు వేసి ఉంటే వరుసలో వాళ్లు ముందు. రెండోది ఎక్కువ అడగడం. ‘అన్ని క్లాసుల్లోనూ వేసేద్దాం సార్, రక్షణ’ అనే సలహా ఇచ్చేవాళ్లకు ఫీజు క్లాసుల లెక్కన వస్తుందని గుర్తుంచుకోవాలి. వాడని సరుకుకు పేరు పట్టుకుని కూర్చుంటే చట్టం ఒప్పుకోదు. రిజిస్ట్రేషన్ అయ్యాక అయిదేళ్లపాటు వాడకపోతే దాన్ని రిజిస్టరు నుంచి తీసేయమని ఎవరైనా అడగవచ్చు.

ఈ విషయంలో మన హైదరాబాదు కేసే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ ‘చార్మినార్’ పేరును పొగాకు ఉత్పత్తులన్నిటికీ నమోదు చేయించుకుంది, తయారు చేసింది మాత్రం సిగరెట్లే. అదే పేరుతో జర్దా, కివాం అమ్మదలచిన విష్ణుదాస్ అనే సంస్థ ఆ రిజిస్ట్రేషన్‌ను ప్రశ్నించింది. 1996లో సుప్రీంకోర్టు చార్మినార్ హక్కును సిగరెట్లకు కుదించింది. క్లాసు అనే డబ్బాలో ఉన్న ప్రతి సరుకూ నీదే కాదు, నువ్వు నిజంగా అమ్మేదే నీది అని దాని సారాంశం. అంత పేరున్న కంపెనీకే అలా జరిగితే, 43లోనూ 16లోనూ 25లోనూ ‘ముందుచూపుతో’ వేసే చిన్న వ్యాపారి కట్టిన డబ్బుకు ఏం మిగులుతుందో ఊహించవచ్చు.

ఇక పేరు. నా దృష్టిలో మొత్తం ఖర్చును నడిపించేది ఇదే. మనవాళ్లు పేరు పెట్టేటప్పుడు కొనేవాడికి సరుకేమిటో వెంటనే తెలియాలనుకుంటారు. ఆంధ్రా రుచులు, గోదావరి పచ్చళ్లు, అమ్మ చేతి వంట. ‘స్వగృహ’ అన్న మాట లేని మిఠాయి వీధి కోస్తాలో ఉందా? వ్యాపారానికి ఇది మంచి తెలివే. చట్టానికి మాత్రం ఇలాంటివి బలహీనమైన పేర్లు. సరుకు స్వభావాన్నో, నాణ్యతనో, పుట్టిన ఊరినో చెప్పే మాటలను ఒకరికి కట్టబెట్టకూడదని 9వ సెక్షన్ అంటుంది. ముందే ఉన్న పేరుకు దగ్గరగా ఉంటే 11వ సెక్షన్ అడ్డు వస్తుంది. ఈ రెండింటిలో ఏదో ఒకటి చూపిస్తూ పరీక్షా నివేదిక వస్తుంది. దానికి ఒక నెలలో జవాబివ్వాలి. జవాబుకు ప్రభుత్వ రుసుము లేదు, రాసిపెట్టేవాడికి మాత్రం ఉంటుంది. తర్వాత విచారణ. అది ఇప్పుడు వీడియోలోనే జరుగుతోంది కాబట్టి ఆంధ్ర, తెలంగాణ దరఖాస్తుల కోసం చెన్నై కార్యాలయానికి రైలెక్కే పని తప్పింది. రైలు ఖర్చు తగ్గింది కానీ వాదించేవాడి ఫీజు తగ్గలేదు.

బలహీనమైన పేరును నెగ్గించుకునే దారి ఒకటుంది. ఇన్నేళ్ల వాడకంతో జనం ఈ పేరు వినగానే నన్నే తలచుకుంటున్నారు అని రుజువు చేయడం. దానికి పాత బిల్లులు, ప్రకటనల ఖర్చు, పత్రికల్లో వచ్చినవి, అమ్మకాల లెక్కలు కావాలి. ఇరవై ఏళ్లుగా చీటీల మీద అమ్మిన దుకాణానికి ఇవెక్కడినుంచి వస్తాయి? ఇక్కడే ఇంకో చిక్కు. ఫలానా సంవత్సరం నుంచి వాడుతున్నామని దరఖాస్తులో రాస్తే, ఆధారాలతో అఫిడవిట్ ఇవ్వాలని 2017 నిబంధనలు అంటున్నాయి. ఆ తలనొప్పి ఎందుకని కొందరు ఏజెంట్లు ‘ఇకముందు వాడబోతున్నాం’ అన్న గడిలో టిక్కు పెట్టేస్తారు. తాతల నాటి దుకాణం కాగితాల మీద నిన్న పుట్టినట్టవుతుంది. తర్వాత ఎవరైనా అభ్యంతరం పెడితే, మేం ముందునుంచీ ఉన్నాం అని వాదించడానికి మన దరఖాస్తే మనకు ఎదురు సాక్ష్యం. ఆదా అయింది ఒక నోటరీ ఖర్చు.

ఇంటిపేర్లు, కులం పేర్లు పెట్టుకునే అలవాటు కూడా మనకు ఎక్కువే. సొంత పేరును నిజాయితీగా వాడుకునే హక్కు చట్టంలో ఉంది, అయితే అది హద్దుల్లేనిది కాదు. 2004లో ఢిల్లీ హైకోర్టు, డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ వేసిన దావాలో, రెడ్డి ఫార్మాస్యూటికల్స్ అనే సంస్థ ‘రెడ్డి’ పేరుతో మందులు అమ్మకుండా ఆపింది. లక్షలమందికి ఉన్న పేరే కావచ్చు, మందుల రంగంలో అది అప్పటికే ఒకరిని గుర్తుచేస్తోంది. అంటే ఇలాంటి పేరు మొదట పెట్టి పెంచుకున్నవాడికి ఆస్తి, వెనక వచ్చినవాడికి దావా. ఊరి పేర్ల సంగతి ఇంకా కఠినం. బంగినపల్లి మామిడి, గుంటూరు సన్నం మిరప, పోచంపల్లి ఇక్కత్ వంటివి భౌగోళిక గుర్తింపు పొందినవి. అవి ఆ ప్రాంతంలోని ఉత్పత్తిదారులందరివీ. వాటిని ఒక్కరి ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయడాన్ని భౌగోళిక గుర్తింపుల చట్టమే నిషేధిస్తోంది. అయినా అలాంటి పేరుతో దరఖాస్తు వేసి, రుసుము కట్టి, తిరస్కరణ పత్రం అందుకునేవాళ్లున్నారు. కట్టిన రుసుము వెనక్కి రాదు.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉన్న పేర్లను వెతుక్కోవడం ఉచితం. ఒక మధ్యాహ్నం కూర్చుని మన పేరును రకరకాల స్పెల్లింగులతో, ఒకేలా పలికే మాటలతో వెతికితే చాలా దావాలు అక్కడే ఆగిపోతాయి.

పరీక్ష దాటిన పేరును ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురిస్తారు. అప్పటినుంచి నాలుగు నెలలు ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు. అభ్యంతరానికి రుసుము ఆన్‌లైన్‌లో క్లాసుకు 2,700. దానికి జవాబు వేయడానికీ అంతే. ఈ అంకె చూసి మోసపోకూడదు. ఆ తర్వాత రెండువైపులా సాక్ష్యాలు, అఫిడవిట్లు, విచారణ, వాయిదాలు. ఏళ్లు పడుతుంది. పెద్ద కంపెనీ ప్రతి వారం జర్నల్ తిరగేయించి కాస్త పోలిక ఉన్న ప్రతి పేరుకూ అభ్యంతరం పెట్టగలదు. చిన్నవాడికి ఒక్క అభ్యంతరమే ఏడాది లాభాన్ని తినేస్తుంది. చాలామంది పోరాడకుండా పేరు మార్చుకునేది అందుకే. తప్పని నేననను. బోర్డు మార్చే ఖర్చు వకీలు ఖర్చుకన్నా తక్కువైతే మార్చుకోవడమే లెక్క తెలిసినవాడి పని.

చివరిదాకా పోరాడితే ఎంత దూరం వెళ్తుందో ‘నందిని’ కేసు చెబుతుంది. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుంచి పాలకు వాడుతున్న పేరు అది. బెంగళూరులో ఆంధ్రా భోజనానికి పేరుపడ్డ నందిని డీలక్స్ 1989 నుంచి హోటళ్లకు అదే పేరు వాడింది. తన ఆహార పదార్థాలకు 29, 30 క్లాసుల్లో రిజిస్ట్రేషన్ అడిగితే సమాఖ్య అభ్యంతరం పెట్టింది. 2007లో రిజిస్ట్రీ హోటలు వైపు తీర్పిచ్చింది. 2011లో మేధో సంపత్తి అప్పిలేట్ బోర్డు దాన్ని తిరగేసింది. 2014లో కర్ణాటక హైకోర్టు బోర్డునే సమర్థించింది. 2018లో సుప్రీంకోర్టు మళ్లీ హోటలు వైపు వచ్చింది, పాలు, పాల ఉత్పత్తులు మాత్రం దరఖాస్తులోంచి తీసేయాలన్న షరతుతో. నాలుగు మెట్లలో రెండు గెలుపులు, రెండు ఓటములు. చివరికి తేలింది ఏమంటే, ఒకే క్లాసులో ఉన్నంత మాత్రాన సరుకులు ఒకటే కావు. పాల జోలికి పోనని మొదటి దరఖాస్తులోనే రాసి ఉంటే గొడవ ఇంత దూరం వచ్చేదా అన్నది నా అనుమానం. సరుకుల జాబితాలో ఒక పంక్తి తక్కువ రాయడం వకీలు సలహాల్లోకెల్లా చవకైనది, అయినా అడిగేవాళ్లు అరుదు.

ఊరుకోవడానికీ ధర ఉంది. 2016 మార్చిలో పరీక్షా నివేదికలకు జవాబు రాలేదన్న కారణంతో రిజిస్ట్రీ లక్షకు పైగా దరఖాస్తులను ఒక్కసారిగా వదిలేసినట్టు ప్రకటించింది. నోటీసులే అందలేదని ఏజెంట్లు ఢిల్లీ హైకోర్టుకు వెళితే కోర్టు ఆపింది. అప్పటినుంచి దరఖాస్తులో సొంత ఈమెయిల్ ఇవ్వని వ్యాపారిని చూస్తే నాకు భయమే. ఏజెంటు మారితే, ఊరు మారితే, నోటీసు ఎవరికి చేరుతుంది?

ఇప్పుడు సరిహద్దు దాటుదాం. ట్రేడ్‌మార్క్ హక్కు ఏ దేశానిది ఆ దేశానిదే. ఈ మాట పెద్ద కంపెనీలకూ ఖరీదుగానే అర్థమైంది. టొయోటా 1997లో జపాన్‌లో ‘ప్రియస్’ కారు తెచ్చింది. ఇండియాలో ఆ పేరును నమోదు చేయించలేదు. ఢిల్లీకి చెందిన విడిభాగాల సంస్థ ఒకటి 2002లో తన పేరుమీద చేయించుకుంది. టొయోటా దావా సుప్రీంకోర్టుదాకా వెళ్లి 2017 డిసెంబరులో ఓడిపోయింది. ఆ విడిభాగాల సంస్థ పేరు పెట్టుకున్న 2001 నాటికి ప్రియస్ పేరు ఇండియాలో తగినంతగా తెలుసన్న రుజువు లేదని కోర్టు తేల్చింది. అప్పట్లో ఇక్కడ ఒక దరఖాస్తు ఖరీదు చాలా తక్కువ.

మన ఎగుమతిదారుకు ఇదే తలకిందులుగా జరుగుతుంది. అమెరికాలో సరుకు దింపుకునే డిస్ట్రిబ్యూటరే అక్కడ పేరును తన మీద నమోదు చేయించుకుంటాడు. డిస్ట్రిబ్యూటరు యజమాని కాడని అక్కడి చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఒప్పించడానికి అయ్యే వకీలు ఖర్చు డాలర్లలో. మొదటి కంటైనరు వెళ్లకముందే ఒప్పందంలో పేరు ఎవరిదో ఒక వాక్యం రాసుకుంటే పోయేది.

విదేశాలకు దారులు రెండు. ఒక్కో దేశంలో విడిగా వేయడం, లేదా మాడ్రిడ్ పద్ధతిలో ఒకే దరఖాస్తుతో 130కి పైగా దేశాల్లో కావలసినవి ఎంచుకోవడం. ఇండియా 2013 జూలైలో మాడ్రిడ్‌లో చేరింది. ఏ దారైనా ఇక్కడ దరఖాస్తు వేసిన ఆరు నెలల్లోపు వెళితే పారిస్ ఒప్పందం ప్రకారం ఇక్కడి తేదీయే అక్కడా చెల్లుతుంది. అంటే డబ్బు కూడదీసుకోవడానికి ఆరు నెలలు ఉచితం. దీన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ.

మాడ్రిడ్ లెక్క ఇలా ఉంటుంది. దరఖాస్తును పంపినందుకు మన రిజిస్ట్రీకి 5,000 రూపాయలు. జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థకు మూల రుసుము 653 స్విస్ ఫ్రాంకులు, అంటే 70 వేల రూపాయలకు పైనే. పేరును రంగుల్లో వేస్తే అది 903 అవుతుంది. నలుపు తెలుపుల్లో పేరు పంపి 250 ఫ్రాంకులు మిగుల్చుకోవచ్చని తెలియక చాలామంది లేబులు ఉన్నదున్నట్టు పంపేస్తారు. దీనిపైన దేశానికి ఇంత అని. కొన్ని దేశాలు మామూలు 100 ఫ్రాంకులకే ఒప్పుకుంటాయి. మనవాళ్లకు కావలసిన అమెరికా, యూరప్, బ్రిటన్, సింగపూర్, ఆస్ట్రేలియా వంటివి మాత్రం సొంత ధర పెట్టుకున్నాయి.

అమెరికానే తీసుకుందాం, తెలుగు ఎగుమతిదారు చూపు ముందు అటే కాబట్టి. 2025 జనవరి 18 నుంచి అక్కడ నేరుగా వేస్తే క్లాసుకు 350 డాలర్లు. సరుకును వాళ్ల జాబితాలో ఉన్న మాటల్లో కాక సొంత మాటల్లో వర్ణిస్తే క్లాసుకు ఇంకో 200. గోంగూర మహత్యం నాలుగు పంక్తుల్లో రాసుకోవాలనిపించినా ‘పచ్చళ్లు’ అని సరిపెట్టుకోవడం లాభం. అదే మాడ్రిడ్ ద్వారా వెళితే క్లాసుకు 600 డాలర్లు. మరి నేరుగా వేయడం చవకా? అక్కడే మెలిక. 2019 ఆగస్టు నుంచి విదేశీ దరఖాస్తుదారులకు అమెరికా లైసెన్సున్న వకీలు తప్పనిసరి. మాడ్రిడ్ దారిలో అభ్యంతరం వచ్చేదాకా వకీలు లేకుండా లాగించవచ్చు, వచ్చాక తప్పదు. అమెరికా పరీక్షకులు సరుకుల జాబితా దగ్గరే ఏదో ఒకటి అడుగుతుంటారు కాబట్టి ఆ ఖర్చు వాయిదా పడిందే తప్ప తప్పిపోయిందనుకోకూడదు. పైగా రిజిస్ట్రేషన్ అయ్యాక అయిదు, ఆరేళ్ల మధ్య ఇంకా వాడుతున్నామని డిక్లరేషన్ ఇవ్వాలి, క్లాసుకు 325 డాలర్లు. పదేళ్లదాకా నిశ్చింత అనుకునే భారతీయ వ్యాపారులు పేరు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

యూరప్ దీనికి పూర్తిగా వేరు. యూరోపియన్ యూనియన్ కార్యాలయంలో 850 యూరోలకు మొదటి క్లాసు, రెండోది 50, మూడోదాని నుంచి 150 చొప్పున. ఆ డబ్బుకు 27 దేశాలు. దేశానికి లెక్కేస్తే చాలా చవక. అయితే ఆ 27లో ఏ ఒక్క దేశంలో ఉన్న పాత పేరుగలవాడైనా మొత్తం దరఖాస్తును ఆపగలడు. 2021 నుంచి బ్రిటన్ ఇందులో లేదు, దానికి విడిగా కట్టాలి. గల్ఫ్‌లో మనవాళ్లు ఎక్కువున్న ఎమిరేట్స్ ట్రేడ్‌మార్క్ రుసుముల్లో ప్రపంచంలోనే ఖరీదైన చోట్లలో ఒకటి. అది 2021 చివర మాడ్రిడ్‌లో చేరాక కాగితాల పని తగ్గింది కానీ ధర పెద్దగా మారలేదు. చైనాలో కార్యాలయ రుసుము క్లాసుకు 300 యువాన్లే. ఎవరు ముందు వేస్తే వారిదే అన్న నియమం అక్కడ గట్టిది. కాబట్టి సరుకు అక్కడ అమ్మకపోయినా, అక్కడ తయారు చేయించుకునేవాడు వేయడం మంచిది. దక్షిణాఫ్రికా, తైవాన్ మాడ్రిడ్‌లో లేవు. అక్కడికి నేరుగానే వెళ్లాలి.

మాడ్రిడ్ గురించి ఏజెంట్లు ఉత్సాహంగా చెప్పే మాట ‘ఒకే దరఖాస్తు, ఒకే రెన్యువల్’. అది నిజమే. తక్కువగా చెప్పే మాట ఇంకొకటి ఉంది. అంతర్జాతీయ రిజిస్ట్రేషన్ తేదీ నుంచి అయిదేళ్లపాటు అన్ని దేశాల్లోని హక్కూ ఇండియాలోని మూల దరఖాస్తు మీదే ఆధారపడి ఉంటుంది. ఇక్కడ ఆ దరఖాస్తు తిరస్కరణకు గురైతే అక్కడ అన్నీ కూలతాయి. మూడు నెలల్లోపు వాటిని విడివిడి దరఖాస్తులుగా మార్చుకోవచ్చు, పాత తేదీ నిలుస్తుంది, కానీ ప్రతి దేశానికీ రుసుము మళ్లీ కట్టాలి. ఇక్కడ ‘ఆంధ్రా రుచులు’ లాంటి పేరుతో, ఇంకా పరీక్షే కాని దరఖాస్తును ఆధారం చేసుకుని ఆరు దేశాలకు లక్షలు కట్టినాయన పరిస్థితి ఆలోచించండి. చెన్నై నుంచి వచ్చే ఒక తిరస్కరణ డల్లాస్‌నూ దుబాయ్‌నూ కలిపి ముంచుతుంది. పేరు బలం గురించి మొదట్లో అన్నది ఇక్కడ ఎన్నో రెట్లై తిరిగొస్తుంది.

అందుకని నా అభిప్రాయం ఇది. ఒక్క విదేశమే కావాలంటే నేరుగా వెళ్లడమే మేలు. నాలుగైదు దేశాలు దాటితే మాడ్రిడ్ గిట్టుబాటు, అదీ ఇక్కడి పేరు గట్టిదై, కనీసం పరీక్ష దాటాక. సరుకు వెళ్లని దేశానికి ‘బ్రాండ్ విలువ’ కోసం కట్టడం, తయారీ దేశాన్ని మినహాయిస్తే, దండగ. ఇక్కడైతే ముందు అక్షరాలతో పేరును నిజంగా అమ్మే ఒకటి రెండు క్లాసుల్లో వేయాలి, లేబుల్ తర్వాత. లేబుల్ డిజైను మూడేళ్లకోసారి మారుతుంది, పేరు మారదు. త్వరగా పరీక్షించమని చిన్నవాళ్లు 20,000, పెద్దవాళ్లు 40,000 కట్టే ఏర్పాటు ఉంది. దాని వల్ల పరీక్ష ముందుకు జరుగుతుంది గానీ అభ్యంతరం పెట్టేవాడికి చట్టం ఇచ్చిన నాలుగు నెలలు తగ్గవు. పెట్టుబడి పెట్టేవాళ్లు కాగితం అడుగుతుంటే తప్ప దానికి డబ్బు పెట్టనక్కర్లేదు.

సాయం కూడా కొంత ఉంది. గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు ఏజెంటు ఫీజును కేంద్రమే భరించే పథకం 2016 నుంచి నడుస్తోంది, స్టార్టప్ కట్టేది ప్రభుత్వ రుసుము మాత్రమే. చిన్న పరిశ్రమల శాఖ రిజిస్ట్రేషన్ అయిన మార్కుకు 10,000 రూపాయల వరకు తిరిగి ఇస్తుంది. అయితే అది సర్టిఫికెట్ చేతికొచ్చాకే. ఇంకో జాగ్రత్త ఏమంటే, ఆ సర్టిఫికెట్ రాకముందు పేరు పక్కన వృత్తంలో ఆర్ గుర్తు పెట్టుకోవడం చట్టవిరుద్ధం, జరిమానా పడవచ్చు; 2024 దాకా మూడేళ్ల వరకు జైలు కూడా ఉండేది. టీఎం అని పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, రుసుమూ లేదు.

విదేశీ రిజిస్ట్రేషన్ రాగానే మరో రకం ఖర్చు తలుపు తడుతుంది. అంతర్జాతీయ రిజిస్టరు వివరాలు అందరికీ కనిపిస్తాయి కాబట్టి, వాటిని చూసి యూరప్ చిరునామాలతో అచ్చం ప్రభుత్వ కాగితంలా ఉండే బిల్లులు వస్తాయి. మీ మార్కును ఫలానా రిజిస్టరులో ప్రచురించడానికి ఇన్ని వందల యూరోలు, పది రోజుల్లో కట్టండి అని. అలాంటి రిజిస్టర్లకు చట్టంలో ఏ విలువా లేదు. జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థ ఇలాంటి బిల్లుల నమూనాలనే తన సైట్లో పెట్టి హెచ్చరిస్తోంది. అయినా ఎగుమతి సంస్థల అకౌంటెంట్లు, గడువు దాటితే మార్కు పోతుందేమోనన్న భయంతో, యజమానిని అడగకుండానే కట్టేస్తుంటారు. జెనీవాకు మాడ్రిడ్ ద్వారా కట్టేది దరఖాస్తుకు, మార్పులకు, పదేళ్లకోసారి రెన్యువల్‌కు మాత్రమే. ఆ మాట అకౌంట్స్ గదిలో గోడకు అంటించి ఉంచాలి.